మూడో పాట పేరు చెప్పండి

డిసెంబరు సగం దాటిందంటే ఊళ్లో ప్రతివాడి చేతిలో ఒక జాబితా ఉంటుంది. ఈ ఏటి మేటి సినిమాలు, మేటి పుస్తకాలు, మేటి బిర్యానీలు. పాటల పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి నాకూ ఒకటుంది. 2025లో నాకు నచ్చిన ఆల్బమ్‌లు ఇవీ అని మీతో నాలుగు ముక్కలు చెప్పుకోకపోతే నాకు ఏడాది పూర్తయినట్టుండదు. చలికాలం సాయంత్రం, చేతిలో చాయ్ ఉంది, వినడానికి మీరున్నారు. ఇంకేం కావాలి!

ముందే ఒక మాట. యూట్యూబ్ వ్యూస్ చూసి వేసిన లెక్క కాదిది. వంద మిలియన్లు, రెండొందల మిలియన్లు అని పోస్టర్ల మీద వేసుకునే అంకెలతో నాకు పేచీ లేదు గానీ, ఆ అంకె పాట ఎంతమంది చెవిన పడిందో చెబుతుందే తప్ప ఎంతమంది నోట మిగిలిందో చెప్పదు. ఆ సంగతి తేలాలంటే జనం చేతులు పనిలో ఉండి నోరు ఖాళీగా ఉండే చోటికి పోవాలి. హైదరాబాదులో అట్లాంటి చోటంటే నాకు బేగంబజారే.

మా చుట్టాల్లో ఎవరింట పెళ్లైనా, గృహప్రవేశమైనా స్టీలు సామాను తెచ్చే పని నా నెత్తినే పడుతుంది. దానివల్ల నాకు గిన్నెల గల్లీలో పరపతి పెరిగిందో లేదో గానీ పాటల జ్ఞానం మాత్రం పెరిగింది. రెండో ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకిచ్చిన జాగా కాబట్టి బేగంబజారుకు ఆ పేరొచ్చిందంటారు. ఇప్పుడు అక్కడ గజం జాగా ఖాళీ లేదు. ఎంజీబీఎస్‌లో బస్సు దిగి జిల్లాల నుంచి వచ్చే చిల్లర కొట్లవాళ్లు, నెత్తిన మూటతో ‘హటో హటో’ అంటూ దూసుకుపోయే హమాలీలు, కదలని ట్రాలీ ఆటోలు. ఒక కొట్లో కిశోర్ కుమార్, పక్క కొట్లో శ్యామ్ బాబా భజన, ఎదుటి డ్రైఫ్రూట్స్ కొట్లో ఖవ్వాలీ, ట్రాలీ డ్రైవరు దగ్గర డీజే పాట. ఇన్నిటి మధ్య ఒక తెలుగు సినిమా పాట తన గొంతు వినిపించుకోవాలంటే దానికి కాస్త దమ్ముండాలి.

నేనెప్పుడూ పోయే కొట్టు మెట్ల మీద పేర్లు కొట్టే అన్న కూచుంటాడు. చేతిలో లావు పెన్నంత మిషను, దాని మొనకు సన్నటి సూది. స్విచ్చి వేయగానే గిర్రుమంటుంది. గిన్నె అంచు కింద చుక్క చుక్కగా అక్షరాలు దిగుతాయి: అమ్మాయి పేరు, అబ్బాయి పేరు, తేదీ, అడుగున ఇచ్చినవాళ్ల పేరు. ఫోనును ఖాళీ తపేలాలో నిలబెడతాడు. ఆ తపేలాయే ఆయన స్పీకరు. పీలగా ఉండే ఫోను గొంతు అందులో తిరిగి గుండ్రంగా, ఇంత లావున బయటికొస్తుంది. పల్లవికి మిషను ఆగదు. పల్లవులన్నీ రీల్స్‌లో విని విని ఆయనకు అరిగిపోయి ఉంటాయి. చరణం నచ్చితే మాత్రం స్విచ్చి ఆపుతాడు. గిన్నె ఒళ్లో పెట్టుకుని ఆ నాలుగు లైన్లూ విని, ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదలుపెడతాడు.

“అన్నా, ఈ ఏడు ఏ సినిమా పాటలు మంచిగున్నయి?” అని అడిగాను.

“ఒక్క పాట అడుగుతున్నరా సార్, సినిమా మొత్తం అడుగుతున్నరా? ఒక్క పాటంటే పది చెప్త. సినిమా మొత్తమంటే ఆలోచన చెయ్యాలె.”

చూశారా, అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఒక్క పాట హిట్టయితే అది పాట. ఆల్బమ్ అనాలంటే మూడో పాట నిలబడాలి. మొదటి పాటను కంపెనీవాళ్లే ఏరి, నెలల ముందు వదిలి, పదిమంది చేత స్టెప్పులేయించి మన మీదికి తోస్తారు. రెండోదాన్ని హీరో అభిమానులు భుజాన వేసుకుంటారు. మూడోదానికి దిక్కెవరూ ఉండరు, సొంత కాళ్ల మీద నడవాల్సిందే.

వెనకటి రోజుల్లో ఈ పరీక్ష దానంతటదే జరిగిపోయేది. 78 ఆర్‌పీఎం లక్క రికార్డులో ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలు పట్టేది. మన సినిమా పాటకు ఆ నిడివి అలవాటైంది ఆ పళ్లెం కొలత వల్లే. తర్వాత లాంగ్‌ప్లేలు వచ్చాయి. ముల్లు ఎత్తి నచ్చిన పాట మీద పెట్టొచ్చు గానీ రికార్డు గీసుకుపోతుందని ఇంట్లో పెద్దలు చేయి పడనిచ్చేవారు కారు. ఒక వైపు మొదలుపెడితే ఆ వైపంతా వినాల్సిందే. అట్లా వినగా వినగా మనం కోరి కొనని పాటలు కూడా మనవైపోయేవి.

ఈ ఏడు నాకు జుమ్మెరాత్ బజార్లో ‘శంకరాభరణం’ ఎల్పీ దొరికింది. బేగంబజార్ నుంచి పురానాపూల్ వైపు పోతే గురువారం గురువారం నేల మీద గోనెపట్టాలు పరిచి పాత సామాను అమ్ముతారు కదా, అక్కడ. తుప్పు పట్టిన ఇస్త్రీపెట్టెకూ, ముళ్లు లేని గోడ గడియారానికీ మధ్యన ఉంది. అట్ట మూల చెద కొట్టింది. ఎవరో నీలం సిరాతో పేరు రాసుకుని, తర్వాత తామే కొట్టేసుకున్నారు. మూడొందలు చెబితే సగానికి తెచ్చాను. 1980 ఫిబ్రవరిలో వచ్చిన సినిమా అది. కె.వి. మహదేవన్‌కు, బాలుకు, వాణీ జయరామ్‌కు ముగ్గురికీ జాతీయ అవార్డులు తెచ్చిన పాటలు. అందరూ ‘శంకరా నాదశరీరా పరా’ దగ్గర ఆగిపోతారు. ఇంటికొచ్చి ముల్లు పెట్టి కూచుంటే నన్ను పట్టుకున్నది ‘పలుకే బంగారమాయెనా’. టీవీలో ఎవడూ పాడడు, పోటీల్లో ఎవరికీ చప్పట్లు తెచ్చిపెట్టదు. కానీ ఆ రికార్డు మొత్తాన్ని మోసే పాటల్లో అదొకటి.

అందులోనే ‘సామజవరగమన’ ఉంది, త్యాగరాజుది. నలభై ఏళ్ల తర్వాత, 2020 సంక్రాంతికి వచ్చిన ‘అల వైకుంఠపురములో’ సినిమాలోనూ అదే పేరుతో ఇంకో పాట ఉంది. సిరివెన్నెల రాశారు, సిద్ శ్రీరామ్ పాడాడు, తమన్‌కూ జాతీయ అవార్డొచ్చింది. తేడా ఎక్కడంటే ఈ పాటను 2019 సెప్టెంబరులోనే, సినిమాకు మూడు నెలల పైచిలుకు ముందు, ఒంటరిగా వదిలారు. అంతకుముందు ఆడియో ఫంక్షన్ అని ఒకటుండేది. క్యాసెట్టో సీడీయో ఒకేరోజు మొత్తం చేతికొచ్చేది. ఇప్పుడది ప్రీ రిలీజ్ ఈవెంట్ అయింది. అప్పటికే పాటలు విడివిడిగా ఊరంతా తిరిగొచ్చి ఉంటాయి. ఆ సినిమాకు ‘రాములో రాములా’, ‘బుట్టబొమ్మ’ కూడా దొరికాయి కాబట్టి ఆల్బమ్‌గానే నిలిచింది. ఆ దారిన పోయినవాళ్లందరికీ ఆ అదృష్టం పట్టలేదు.

క్యాసెట్ల రోజులు గుర్తున్నవాళ్లకు ఇంకో సంగతి. రికార్డింగ్ సెంటర్లో కాయితం మీద పాటలు రాసిస్తే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్‌కు వైపు ముప్ఫై నిమిషాలు. ఆరు పాటలు పట్టాక ఏడోది రెండో చరణంలో తెగేది. మా ఇంట్లో కొన్ని పాటలకు అసలు ముగింపు ఉంటుందని చాలా ఏళ్లు ఎవరికీ తెలీదు. దాని తర్వాత వందలేసి పాటల ఎంపీత్రీ సీడీలు, ఆ తర్వాత మెమరీ కార్డులో ఇరవై రూపాయలకు నింపుకోవడాలు. కార్డు నింపే కుర్రాడు ఫోల్డరు పేరు ‘హిట్స్’ అని పెట్టేవాడు. సినిమా పేరు ఎగిరిపోయింది. మూడో పాట చచ్చింది అక్కడే అని నా అనుమానం.

ఏడాది చివర జాబితా వేసే జబ్బు మనకు అంటించినవాడు మాత్రం రేడియో అమీన్ సయానీ. ఆ మాట ఎత్తగానే నేను పోయే కొట్టు సేఠ్ గల్లాపెట్టె వదిలి ఇటు తిరిగాడు. డెబ్బై దాటిన మనిషి. 1952లో సమాచార ప్రసార మంత్రి కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటల మీద కత్తి కట్టినప్పుడు రేడియో సిలోన్ బినాకా గీత్‌మాలా మొదలుపెట్టింది. బుధవారం రాత్రి ఎనిమిదైతే చాలు, దేశమంతా రేడియో చుట్టూ చేరేది. రికార్డుల కొట్లలో ఏది ఎంత అమ్ముడుపోయిందో ఆరా తీసి, శ్రోతల ఉత్తరాలు చూసి, పాటలకు మెట్లు కట్టేవారు. పాయ్‌దాన్ అనేవాడు సయానీ. ఏడాది ఆఖర్లో మొత్తం సంవత్సరానికి ఇంకో వరస. 2024 ఫిబ్రవరిలో ఆయన పోయినరోజు గల్లీలో రెండు మూడు కొట్లలో పాత గీత్‌మాలాలే మోగాయని సేఠ్ చెప్పాడు. “అమీన్ భాయి జైసా అబ్ కౌన్ బోల్తా సాబ్!” అని నిట్టూర్చి, “తపేలాలు ఎన్ని డజన్లు తీస్తున్నరు?” అన్నాడు. వ్యాపారం వ్యాపారమే.

సరే, 2025 లోకి వద్దాం.

జనవరి 14న ‘సంక్రాంతికి వస్తున్నాం’. ‘గోదారి గట్టు మీద’ అంతకుముందు డిసెంబరులోనే మొదలై ఎండాకాలం పెళ్లిళ్ల దాకా గల్లీని వదల్లేదు. భీమ్స్ సిసిరోలియో బాణీ, భాస్కరభట్ల మాటలు, మధుప్రియ గొంతులో పల్లెటూరి గీర. వీటన్నిటికీ మించి రమణ గోగుల. ‘తమ్ముడు’, ‘బద్రి’ రోజుల్లో కాలేజీ కుర్రాళ్లంతా ఆయన గొంతును అనుకరించబోయి దగ్గు తెచ్చుకున్నవాళ్లే. ఆ ముక్కు జీరకు ఇప్పుడు వయసొచ్చింది. పడుచు ప్రేమికుడికి అతకదు. పెళ్లై, పిల్లల్ని కని, పెళ్లాం ముందు మెత్తబడిన మొగుడికి మాత్రం కొలిచి కుట్టినట్టు సరిపోయింది. బేగంబజార్లో గిన్నెలు బేరమాడేదీ అట్లాంటి జంటలే కదా! ఆవిడ ధర అడుగుతుంటే ఆయన వెనక సంచి పట్టుకుని ఈ పాట కూనిరాగం తీస్తాడు. పేర్లు కొట్టే అన్న దీనికి మిషను ఆపలేదు, మిషనుతో పాటే పాడాడు. మరి మూడో పాట? భీమ్స్ ప్రణవితో పాడిన ‘మీను’ బాగానే నిలిచింది. వెంకటేశ్ స్వయంగా పాడిన ‘బ్లాక్‌బస్టర్ పొంగల్’ మాత్రం పండగతో వచ్చి పండగతో పోయింది. ఉగాదికి ఎవరి నోటా లేదు. కాబట్టి రెండున్నర పాటల ఆల్బమ్ అది. భీమ్స్ ‘బలగం’లో అంతకన్నా లోతైన పని చేశాడు. అందులో ‘ఊరు పల్లెటూరు’ రాసినందుకు కాసర్ల శ్యామ్‌కు ఈ ఏడే జాతీయ అవార్డు ప్రకటించారు కూడా.

ఫిబ్రవరి 7న ‘తండేల్’. సేఠ్‌కు తెలుగు పాటల్లో పేర్లు పట్టవు, గొంతులు పడతాయి. ‘బుజ్జి తల్లి’ మొదటిసారి తపేలాలోంచి వచ్చినప్పుడు “యే తో శ్రీవల్లి వాలా హై” అన్నాడు. నిజమే, ‘పుష్ప’ హిందీలో ఆ పాట జావేద్ అలీదే, తెలుగులో సిద్ శ్రీరామ్‌ది. దేవిశ్రీ ప్రసాద్ ఈసారి జావేద్‌ను తెలుగుకే తెచ్చుకున్నాడు. వేటకు పోయినవాడు అలిగిన పిల్లను ఒక్క మాట మాట్లాడమని బతిమాలుకునే పాట. శ్రీమణి రాశాడు. జావేద్ అక్షరాలను నొక్కకుండా జార్చేసి పాడతాడు, ఆ బతిమాలుడంతా ఆ జారడంలోనే ఉంది. రెండోది ‘నమో నమః శివాయ’. జొన్నవిత్తుల రచన, శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం గుడిని మనసులో పెట్టుకుని కట్టిన పాట. శివరాత్రికి మోగింది సరే, కార్తీక మాసంలో మళ్లీ మోగింది. ఒక సినిమా పాట క్యాలెండరులో రెండు చోట్ల తావు సంపాదించుకోవడం చిన్న సంగతి కాదు.

మూడోది ‘హైలెస్సో హైలెస్సా’. నకాశ్ అజీజ్, శ్రేయా ఘోషల్. చూడబోతే మామూలు జంట పాటే. జనవరిలో నేనూ పక్కన పెట్టేశాను. ఆగస్టులో ఒక మధ్యాహ్నం, వాన కురిసి గల్లీలో బేరాలు లేక, అన్న ఆ సినిమా మొత్తం వరసగా పెట్టుకున్నాడు. ఈ పాట చరణంలో శ్రేయా గొంతు అందుకునే చోట మిషను ఆగింది. ఒళ్లో గిన్నె మీద అబ్బాయి పేరు సగమే దిగి ఉంది. పాట అయ్యేదాకా అది సగంగానే ఉండిపోయింది.

‘కోర్ట్’ సంగతి. విజయ్ బుల్గానిన్ బాణీ కట్టిన ‘ప్రేమలో’ ఈ ఏటి అతి చక్కని పాటల్లో ఒకటి. అనురాగ్ కులకర్ణి, సమీరా భరద్వాజ్ అంత పొదుపుగా పాడారు. కానీ ఆ కథకు పాటలతో పనిలేదు, ఒక్కటే గుర్తుంటుంది. పాటకు వందకు వంద, ఆల్బమ్‌కు సున్నా. ‘కుబేర’లో ధనుష్ పాడిన ‘పోయిరా మామా’ రెండు వారాలు బాగుంది. ‘ఓజీ’కి తమన్ చేసిన మోత ట్రాలీ ఆటోల అద్దాలు అదరగొట్టింది. నాకు మాత్రం ఆ మోత తగ్గాక ‘సువ్వి సువ్వి’ మిగిలింది. అభిమానులు కోప్పడకండి.

‘ది గర్ల్‌ఫ్రెండ్’ బేగంబజార్లో చెల్లలేదు, చెల్లదు కూడా. హేషమ్ అబ్దుల్ వహాబ్ ‘హాయ్ నాన్న’ నుంచీ అంతే, తలుపేసుకుని చెవుల్లో పెట్టుకుని వినాల్సిన బాణీలు కడతాడు. గల్లీ పరీక్షలో ఫెయిలైనా నా జాబితాలో ఉంచుతున్నాను. జాబితా నాది, రూలు నాది, సడలింపూ నాదే.

అన్నకు ఆఖర్లో దొరికిన నిధి ‘రాజు వెడ్స్ రాంబాయి’. నవంబరు 21న వచ్చింది. పెద్ద పేర్లు లేవు. సురేశ్ బొబ్బిలి బాణీ. తెలంగాణ ఉద్యమం రోజుల నుంచీ పాటలు రాస్తున్న మిట్టపల్లి సురేందర్ సాహిత్యం. ‘రాంబాయి నీ మీద నాకు’ వస్తే మిషను ఆగడమే కాదు, అన్న నాకేసి చూసి “ఇనుండ్రి సార్, ఇది మా వైపు మాట” అన్నాడు. నెల రోజుల పాట గురించి తీర్పు చెప్పను. వచ్చే బోనాల దాకా ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

సినిమా గడప తొక్కని పాట కూడా ఒకటి చెప్పాలి. రాము రాథోడ్ ‘రాను బొంబాయికి రాను’. ఈ ఏడు అది మోగని బరాత్ నేను చూడలేదు. పాతబస్తీ మర్ఫా దరువుకు కూడా దాన్ని అతికించేశారు. ఇట్లాంటి పాటల్ని చిన్నచూపు చూసేవాళ్లకు ఒకటే గుర్తు చేస్తాను. బేగంబజార్‌ను ఆనుకున్న మంగళ్‌హాట్ కుర్రాడు రాహుల్ సిప్లిగంజ్ కూడా సొంతంగా యూట్యూబ్ పాటలు చేసుకున్నవాడే. 2023 మార్చిలో కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ పాడాడు. అయినా ఒంటిపాట ఒంటిపాటే, ఆల్బమ్ వరసలో కూచోబెట్టలేను.

కాబట్టి మొదటి మెట్టు ‘తండేల్‌’కే. మూడు పాటలు, మూడు కాళ్లు, పీట కదల్లేదు. రెండోది ‘సంక్రాంతికి వస్తున్నాం’. మూడోది నా మొండితనం కొద్దీ ‘ది గర్ల్‌ఫ్రెండ్’. అన్న దీన్ని ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో గోదారి గట్టు మొదటిది, రాంబాయి రెండోది, “మీరు చెప్పే ఆ మూడోది ఎవల్ది సార్?” అని అడిగాడు.

సేఠ్ ఇంకో పేచీ పెట్టాడు. అక్టోబరు నుంచి ఆయన చెవిలో ‘మీసాల పిల్ల’ తిరుగుతోంది. ఉదిత్ నారాయణ్ గొంతు మరి, హిందీలో ఎన్ని వేల సార్లు విన్నాడో. నవంబరు నుంచి కుర్రాళ్ల నోట రెహమాన్ ‘చికిరి చికిరి’. వీటిని ఎందుకు వదిలేశానని నిలదీశాడు. అప్పటికి ‘మీసాల పిల్ల’ ఉన్న చిరంజీవి సినిమా రాలేదు, ‘చికిరి చికిరి’ ఉన్న ‘పెద్ది’ కూడా రాలేదు. మిగతా పాటలు విననిదే ఆల్బమ్ సంగతి ఎట్లా తేలుతుంది సేఠ్, రెండూ 2026 ఖాతాలోకే పోతాయి అన్నాను.

“ఉదిత్ కో ఛోడ్ దియే?” అన్నాడు సేఠ్. కాలిక్యులేటర్ ముందుకు లాక్కుని, అప్పటిదాకా తగ్గిస్తానన్న అయిదు శాతం కొట్టేసి, బిల్లు మళ్లీ మొదటినుంచి రాశాడు.